పేర్లు చదవని ప్రార్థన

పెత్రమాస, అంటే పితృ అమావాస్య రోజు అయ్యగారికి బియ్యం ఇచ్చేటప్పుడు మా బాపు పక్కన ఒక పాత డైరీ పెట్టుకుని కూర్చుంటారు. అందులో మా ఇంట్లో పోయినవాళ్ళ పేర్లుంటాయి. తాత, ముత్తాత, పెళ్ళి కాకముందే కామెర్లతో పోయిన చిన్నత్త, ఊరొదిలి వెళ్ళి మళ్ళీ రాని ఒక పెదనాన్న. అయ్యగారు ఒక్కో పేరూ అడుగుతారు, బాపు చూసి చెబుతారు, ఆయన దాన్ని గోత్రంతో కలిపి పైకి అంటారు. ఒక ఏడాది మా ముత్తవ్వ పేరు ఎల్లమ్మా, మల్లమ్మా అని అనుమానం వచ్చింది. అయ్యగారు ఆగిపోయారు. ఇంట్లో అందరికన్నా పెద్దదైన మేనత్తకు ఫోన్ చేస్తే, ఆమె "మల్లమ్మ రా, ఎన్నిసార్లు చెప్పాలె" అని కసిరాకే మళ్ళీ మొదలైంది.

పేరు తేలేదాకా ఆ పని ముందుకు ఎందుకు కదలదో నాకు భోపాల్ వెళ్ళాకే అర్థమైంది.

ట్రాన్స్‌ఫర్ మీద వెళ్ళి అక్కడ మూడేళ్ళున్నాను. డిసెంబర్ 3 ఆ ఊళ్ళో సెలవు. 1984లో ఆ తెల్లవారుజామున ఏం జరిగిందో మనందరం స్కూలు పుస్తకంలో ఒక పేరాగా చదువుకున్నాం. యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీలో ఒక ట్యాంకులోకి నీళ్ళు చేరాయి, దాదాపు 40 టన్నుల మిథైల్ ఐసోసయనేట్ అనే విషవాయువు గాల్లోకి లేచి నిద్రలో ఉన్న ఊరి మీద పడింది. ఏటా ఆ రోజున సెంట్రల్ లైబ్రరీ ఆవరణలో ఉన్న బర్కతుల్లా భవన్‌లో ప్రభుత్వం సర్వధర్మ ప్రార్థన సభ పెడుతుంది. ఆ భవనానికి పేరు పెట్టింది బర్కతుల్లా భోపాలీకి, 1915లో కాబూల్‌లో ఏర్పడ్డ భారత తాత్కాలిక ప్రభుత్వానికి ప్రధానమంత్రిగా ఉన్న మనిషికి. మహేంద్ర ప్రతాప్ అనే హిందూ రాజు అధ్యక్షుడు, బర్కతుల్లా ప్రధాని. సర్వధర్మ సభకు ఇంతకన్నా తగిన చోటు ఉండదనిపిస్తుంది నాకు.

నేను ఆ సభకి రెండుసార్లు వెళ్ళాను. గీతలోంచి చదివారు, ఖురాన్ చదివారు, బైబిల్, సిక్కుల గుర్బానీ, తర్వాత జైన, బౌద్ధ ప్రార్థనలు. రెండు నిమిషాల మౌనం. ప్రసంగాలు. జనం లేచి వెళ్ళిపోయారు. రెండుసార్లూ చివరిదాకా కూర్చున్నాను, ఆ హాల్లో చనిపోయినవాళ్ళలో ఒక్కరి పేరు కూడా నాకు వినపడలేదు.

ఆ సభ అక్కర్లేదని నేను అనడం లేదు, దాన్ని ఎత్తిపారేద్దామని అంతకన్నా అనడం లేదు. వేర్వేరు మతాల పెద్దలు ఒకే వేదిక ఎక్కి ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు దేవుణ్ణి పిలవడం బయటినుంచి చూసేవాళ్ళకి తేలిగ్గా కనిపిస్తుంది గానీ, దానికి లోపల మూల్యం చెల్లించేవాళ్ళుంటారు. న్యూయార్క్‌లో 2001 సెప్టెంబర్ 23న, జంట టవర్లు కూలిన 12 రోజులకి, యాంకీ స్టేడియంలో పెద్ద సర్వమత ప్రార్థన జరిగింది. డేవిడ్ బెంకీ అనే లూథరన్ పాస్టర్ అక్కడ ప్రార్థన చేశాడు. ఇతర మతాలవాళ్ళతో కలిసి ప్రార్థించడం మన సిద్ధాంతానికి విరుద్ధమని ఆయన చర్చివాళ్ళే ఆయన్ని సస్పెండ్ చేశారు, మళ్ళీ వెనక్కి తీసుకున్నది 2003లో. ఏడుస్తున్న జనం ముందు నిలబడి ప్రార్థన చేసినందుకు! కాబట్టి ఆ వేదిక ఎక్కే ప్రతి మౌల్వీ మీదా, పండితుడి మీదా, ఫాదర్ మీదా నాకు గౌరవం ఉంది. ఇప్పుడున్న రోజుల్లో మరీ ఉంది.

నా బాధ వేరే. అక్కడ కూర్చున్న ప్రతి మతమూ, తన ఇంట్లో తను ఉన్నప్పుడు, చనిపోయినవాళ్ళని పేరుతోనే తలుచుకుంటుంది. మా బాపు డైరీ సంగతి చెప్పాను కదా. గుంటూరులో నా స్నేహితురాలి ఇంట్లో నవంబర్ 2న ఆత్మల పండుగకి చీటీల మీద తమ వాళ్ళ పేర్లు రాసి కవర్లో పెట్టి గుడిలో ఫాదర్‌కి ఇస్తారు, సాయంత్రం సమాధి మీద ఎవరి కొవ్వొత్తి వాళ్ళు వెలిగిస్తారు. ముస్లింల ఇళ్ళలో ఫాతిహా చదివినప్పుడు ఫలానా వారికి ఈ పుణ్యం చేరాలి అని పేరు పెట్టి దువా చేస్తారు. గురుద్వారాలో పోయినవారి కోసం అర్దాస్ చేసినప్పుడూ పేరు చెబుతారు. విడివిడిగా ఉన్నప్పుడు ఇంత పట్టింపుగా పేరు అడిగే మతాలు, అందరూ ఒక్కచోట చేరేసరికి ఆ పేరునే బయట వదిలేసి లోపలికి వస్తున్నాయి. అందరికీ అభ్యంతరం లేని మాటలు ఏరుకుని వస్తాయి. శాంతి, సద్గతి, క్షమ, మానవత్వం. అవి మంచి మాటలే, కానీ అవి ఎవరి గురించైనా అనొచ్చు.

తర్పణంలో ఒక పద్ధతి ఉంది. పేరుపేరునా అందరికీ నీళ్ళు వదిలాక, అన్నీ అయ్యాక, చివర్న ఒక్కసారి, తల్లీ తండ్రీ బంధువూ ఎవరూ లేనివాళ్ళందరూ ఈ నీళ్ళతో తృప్తి పొందాలి అని ధర్మోదకం వదులుతారు. నాకు ఆ చివరి దోసిలి అంటే చాలా ఇష్టం. కానీ అది చివరిది. ముందు తెలిసిన పేర్లు, తర్వాత తెలియనివాళ్ళు. డిసెంబర్ 3 సభలో మాత్రం మొదటి దోసిలీ అదే, చివరి దోసిలీ అదే.

మా వీధి చివర ఒక ఖాలా ఉండేది, ఉర్దూలో పిన్నిని అలా పిలుస్తారు. జరీ బటువాలు, అంటే చిన్న చేతిసంచులు కుట్టేది, భోపాల్ బటువాలంటే పేరు కదా. నేను రెండు బటువాలు కొనడానికి వెళ్ళి ఆ ఇంటి మనిషినైపోయాను. 1984లో వాళ్ళు కాజీ క్యాంపులో ఉండేవాళ్ళు. ఆ రాత్రి ఆమె మరిది చనిపోయాడు, 17 ఏళ్ళవాడు. ఆమెకప్పుడు ఏడో నెల. పరిగెత్తింది, ఎటో తెలియకుండా గుంపుతో పాటు పరిగెత్తింది. నాలుగు రోజులకి కడుపు పోయింది.

ఒకసారి ఆమె ట్రంకు పెట్టె తీసి పాలిథిన్ కవర్లో చుట్టిన కాగితాలు చూపించింది. మరిది పేరు ఒక కాగితంలో ఒక రకంగా, ఇంకో కాగితంలో ఇంకో రకంగా ఉంది, చివర ఒక్క అక్షరం తేడా. ఆ అక్షరం కోసం అఫిడవిట్లు రాయించి, సాక్షుల్ని వెంటబెట్టుకుని, ఆమె మామగారు ఏళ్ళ తరబడి ఒక ఆఫీసు మెట్లెక్కి దిగారు. ఆ కాగితం మడతల దగ్గర నాలుగు ముక్కలైతే వెనకనుంచి టేపు వేసి అతికించారు, టేపు పసుపుపచ్చగా మారిపోయింది. దాని మీద ఆ అబ్బాయి పేరు కింద ఎర్ర సిరాతో గీత. ఖాలా ఆ గీత మీద వేలు పెట్టి, "డబ్బులిచ్చేటప్పుడు పేరు ఇంత సరిగ్గా ఉండాలన్నారు బేటా, దువా చేసేటప్పుడు మాత్రం పేరే అడగలేదు" అంది.

నేను ఈ వ్యాసంలో చెప్పేదంతా ఆమె ఆ ఒక్క ముక్కలో చెప్పేసింది.

కడుపులో పోయిన బిడ్డ ఏ లెక్కలోనూ లేదు. పుట్టలేదు కాబట్టి చావలేదు.

అక్కడ వేదికల మీద తరచూ వినపడే మాట ఒకటుంది. గ్యాస్ మతం చూడలేదు, హిందువునీ ముస్లింనీ ఒకేలా చంపింది అని. నిజమే. హమీదియా ఆసుపత్రిలో గుర్తుపట్టేవాళ్ళు లేని శవాలకి నుదుటి మీద నంబరు చీటీలు అంటించి ఫోటోలు తీశారు. ఎవర్ని కాల్చాలి, ఎవర్ని పూడ్చాలి అని ఒంటి మీద ఆనవాళ్ళు వెతుక్కోవాల్సి వచ్చింది. ఒక్కో గోతిలో, ఒక్కో చితి మీద ఎంతోమందిని కలిపి సాగనంపారు. ఆ గందరగోళంలో ఎవరి మీద ఎవరి మంత్రం చదివారో ఎవరికి తెలుసు? కానీ ఆ మాట సగం నిజం. గ్యాస్ మతం చూడకపోయినా ఇల్లు చూసింది. అప్పటి 56 వార్డుల్లో గ్యాస్ బాధిత వార్డులుగా ప్రకటించినవి 36. ఫ్యాక్టరీ ఎదురుగా ఉన్న జయప్రకాశ్ నగర్, ఛోలా, కాజీ క్యాంపు, రైల్వే కాలనీ, పాత నగరం. తలుపు సందుల్లో గుడ్డలు కుక్కుకునే వీలు కూడా లేని ఇళ్ళు. బీహెచ్‌ఈఎల్ టౌన్‌షిప్ వైపు, కొత్త భోపాల్ వైపు చాలా మటుకు బతికిపోయారు. అన్ని మతాలవాళ్ళూ చనిపోయారు అని చెప్పి ఆపేస్తే, అన్ని మతాల పేదవాళ్ళు చనిపోయారు అన్న మాట మింగేసినట్టే. పేర్లు చదివితే, పక్కనే బస్తీ పేరు కూడా చదివితే, ఇది ఎవరూ చెప్పక్కర్లేకుండానే బయటపడుతుంది.

పేర్లు చదవాలంటే జాబితా కావాలి. అసలు చిక్కు అక్కడే ఉంది. మొదట ప్రభుత్వం చెప్పిన మృతుల సంఖ్య 2,259. తర్వాత 3,787 అన్నారు. నష్టపరిహారం లెక్కల్లో తేలింది 5,295. బాధితుల సంఘాలు చెప్పే సంఖ్య వీటన్నిటికీ ఎన్నో రెట్లు, ఎందుకంటే ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఊపిరితిత్తులు పాడై చనిపోయినవాళ్ళని కూడా వాళ్ళు లెక్కేస్తారు. 1989లో కార్బైడ్‌తో కుదిరిన 47 కోట్ల డాలర్ల ఒప్పందం తక్కువ సంఖ్యల మీద కుదిరింది. దాన్ని 5 లక్షల 70 వేల మందికి పైగా పంచాల్సి వచ్చింది, గాయపడ్డవాళ్ళలో ఎక్కువమందికి చేతికందింది 25 వేల రూపాయలు, చాలా ఏళ్ళ తర్వాత మరో 25 వేలు. పరిహారం పెంచమని 2010లో కేంద్రం ఆఖరి ప్రయత్నంగా వేసిన క్యూరేటివ్ పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2023 మార్చిలో కొట్టేసింది. ఇంత గొడవ ఉన్న చోట మైకులో పేర్లు చదవడం మొదలుపెడితే, హాల్లో వెనకనుంచి ఎవరో ఒకరు లేచి "మా అమ్మ పేరేది?" అని అడుగుతారు. అడగాలి. ఆ ప్రశ్న రాకుండా జరిగే ప్రార్థన ప్రశాంతంగా ఉంటుంది, ఆ ప్రశాంతత పాలించేవాళ్ళకి పనికొస్తుంది. చనిపోయినవాళ్ళకి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

మళ్ళీ న్యూయార్క్ దగ్గరికి వస్తాను. అక్కడ సెప్టెంబర్ 11 కార్యక్రమం మనకి పూర్తిగా తలకిందులు. 2011లో పదో ఏడు వచ్చినప్పుడు మేయర్ బ్లూమ్‌బర్గ్ మత పెద్దల ప్రార్థనలు పెట్టడం లేదన్నాడు, పెద్ద గొడవైంది, ఆయన వినలేదు. 2012 నుంచి రాజకీయ నాయకుల ప్రసంగాలు కూడా లేవు. ఉన్నదల్లా పేర్లు. 1993లో అదే చోట బాంబు పేలి చనిపోయిన ఆరుగురితో కలిపి 2,983 పేర్లు. కుటుంబాలవాళ్ళు ఇద్దరిద్దరుగా వచ్చి చదువుతారు, తమ వంతు అయ్యాక "ఇంకా మా నాన్న" అని తమ వాళ్ళ పేరు చెప్పి, ఒక్కమాట ఏదో అనుకుని, దిగిపోతారు. అప్పటికి పుట్టని మనవళ్ళు కూడా ఇప్పుడు చదువుతున్నారు. విమానాలు గుద్దిన వేళల్లో, టవర్లు కూలిన వేళల్లో గంట కొట్టి మౌనం పాటిస్తారు. మొత్తం కలిపి నాలుగు గంటలు పడుతుంది. టవర్లు ఉన్న చోట రెండు పెద్ద నీటి కొలనులు కట్టి, వాటి చుట్టూ కంచు పలకల మీద ఆ పేర్లు కోసి రాశారు. అక్షర క్రమంలో కాదు. ఫలానా స్నేహితుడి పక్కన మావాడి పేరు ఉండాలి అని కుటుంబాలు అడిగితే అలా సర్దారు. పుట్టినరోజు నాడు ఆ పేరులో ఒక తెల్ల గులాబీ గుచ్చి పెడతారు. అక్కడ కూడా దాదాపు 1,100 మంది శరీరాల్లో ఒక్క ముక్క కూడా ఇంకా గుర్తుపట్టలేదు. అయినా పేరు పోనివ్వలేదు.

అక్కడ పేర్లున్నాయి, ప్రార్థన లేదు. ఇక్కడ ప్రార్థనలున్నాయి, పేర్లు లేవు.

హేతువాదులైన నా స్నేహితులు కొందరు, అయితే న్యూయార్క్ పద్ధతే పెట్టొచ్చు కదా, మతం ఎందుకు మధ్యలో అంటారు. నేను ఒప్పుకోను. ఖాలా ఆ సభకి వెళ్ళేదే ఆ ఖురాన్ ఆయత్‌ల కోసం. మరిదిని పూడ్చిన చోటు వాళ్ళకి తెలియదు, జనాజా నమాజు చదివారో లేదో తెలియదు. ఏటా ఒకసారి మైకులో ఆ మాటలు వినపడితే, ఆలస్యంగానైనా వాడికి చేరుతుందని ఆమె నమ్మకం. ఛోలా శ్మశానంలో ఎవరి చితి ఏదో తెలియకుండా వచ్చేసినవాళ్ళకి గీతా శ్లోకం కూడా అంతే. మన దగ్గర మనుషులు అలాగే బతుకుతారు, అలాగే పోతారు, ఆ భాష తీసేస్తే వాళ్ళ దుఃఖానికి మాటలుండవు. అందుకే నాకు రెండూ కావాలి.

ఎలా అంటే, నాకు తోచింది చెబుతాను. కనీసం ప్రభుత్వం తానే ఒప్పుకున్న ఆ 5,295 మందితో మొదలుపెట్టాలి, పరిహారం ఇచ్చారంటే ఆ పేర్లు ఏదో ఒక ఫైల్లో ఉన్నట్టే. న్యూయార్క్ లెక్కన చూస్తే ఏడు గంటలు పడుతుంది. డిసెంబర్ 2 అర్ధరాత్రి దాటాక, గ్యాస్ లీకైన వేళకే మొదలుపెడితే తెల్లవారాక కాసేపటికి అయిపోతుంది. హిందువుల పేర్లు మౌల్వీ చదవాలి. ముస్లింల పేర్లు పండితుడు చదవాలి. సిక్కు పేర్లు ఫాదర్ చదవాలి. నోరు తిరక్కపోతే ఆగి, పక్కనున్న కుటుంబాన్ని అడిగి, సరిగ్గా పలకాలి. పక్కవాడి చనిపోయిన మనిషి పేరు తప్పు లేకుండా పలకడానికి తడబడి, ఆగి, నేర్చుకోవడం ఉంది చూడండి, ఒకళ్ళ పక్కన ఒకళ్ళు కూర్చుని ఎవరి శ్లోకం వాళ్ళు చదువుకోవడం కన్నా అది నాకు పెద్ద సర్వధర్మం. జాబితా అయ్యాక మైకు జనానికి ఇవ్వాలి, జాబితాలో లేనివాళ్ళ పేర్లు వాళ్ళు చెబుతారు. అన్నీ అయ్యాక అప్పుడు, ఎవరికీ తెలియనివాళ్ళ కోసం, అందరూ కలిసి.

ఆ తెలియనివాళ్ళలో ఒక బిడ్డ ఉంది, మీరందరూ చూశారు. మట్టిలోంచి ముఖం మాత్రం కనిపిస్తూ, కళ్ళు తెరుచుకుని, ఒక చెయ్యి ఆ ముఖం మీది మట్టిని తుడుస్తూ ఉన్న ఫోటో. రఘు రాయ్ తీశారు, పాబ్లో బార్తలోమ్యూ తీశారు, ప్రపంచమంతా చూసింది. ఆ బిడ్డ పేరు ఇవాళ్టికీ తెలియదు.

భోపాల్ స్టేషన్‌లో ఒకటో నంబరు ప్లాట్‌ఫామ్ మీద, ఆ రాత్రి డ్యూటీలో ప్రాణాలు వదిలిన రైల్వేవాళ్ళ స్మారకం ఉంది. అప్పుడు అక్కడ డిప్యూటీ స్టేషన్ సూపరింటెండెంట్‌గా ఉన్న గులాం దస్తగీర్, నిండా జనంతో ఆగి ఉన్న రైలుని టైము కాకముందే పంపించేసి ఎంతోమందిని కాపాడాడు. ఆయన ఆ రాత్రి కాకుండా, గ్యాస్ తెచ్చిన జబ్బుతో చాలా ఏళ్ళు తీసుకుని 2003లో చనిపోయాడు. అందువల్ల ఆ స్మారకంలో ఆయన లేడు. ఆ రాత్రే పోవాలి, లేకపోతే లెక్కలోకి రారు.

పాత గాయాన్ని మళ్ళీ రేపడం ఎందుకు అని కూడా అడుగుతారు. మానితే కదా రేపడానికి! ఫ్యాక్టరీలో పడి ఉన్న 337 టన్నుల విష వ్యర్థాలని అక్కడినుంచి కదిలించింది 2025 జనవరిలో. నలభై ఏళ్ళు పట్టింది. ఏటా డిసెంబర్‌లో బాధితులు కాగడాలు పట్టుకుని ఊరేగింపు తీస్తారు, ఫ్యాక్టరీ దాకా నడుస్తారు. రషీదా బీ, చంపాదేవి శుక్లా అని ఇద్దరు ఆడవాళ్ళు, ఒకరు ముస్లిం, ఒకరు హిందువు, గ్యాస్ బాధితుల కోసం పెట్టిన స్టేషనరీ వర్క్‌షాపులో కలిసి పనిచేస్తూ స్నేహితులయ్యారు, 1989లో సాటి ఆడవాళ్ళతో కలిసి ఢిల్లీ దాకా నడిచారు, 2004లో పర్యావరణం కోసం పోరాడేవాళ్ళకి ఇచ్చే గోల్డ్‌మన్ బహుమతి వస్తే ఆ డబ్బుతో గ్యాస్ బాధిత కుటుంబాల్లో వైకల్యంతో పుట్టిన పిల్లల కోసం చింగారీ ట్రస్టు పెట్టారు. సర్వధర్మం అంటే ఏమిటో ఆ ఊరికి బయటివాళ్ళు నేర్పక్కర్లేదు.

ఇదంతా ఎక్కడో భోపాల్ సంగతి అనుకోవద్దు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ పక్కన ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకై 12 మంది చనిపోయినప్పుడు టీవీల్లో అందరూ అన్న మొదటి మాట భోపాల్. 2025 జూన్ 30న పాశమైలారం ఫార్మా ఫ్యాక్టరీ పేలుడులో యాభై మందికి పైగా పోయారు, కొందరి శరీరాలే దొరకలేదు, ఎక్కువమంది పక్క రాష్ట్రాల నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్ళు. వాళ్ళ పేర్లు మనకెన్ని తెలుసు? నాకు ఒక్కటీ నోటికి రావడం లేదు, అది రాస్తుంటే సిగ్గుగా ఉంది. రేపు అక్కడ సంస్మరణ సభ పెడితే బిహార్ నుంచి, ఒడిశా నుంచి ఒక తల్లి వచ్చి ముందు వరసలో కూర్చుంటుందనుకోండి, ఆమె చెవిన ఏ మాట పడాలి?

భోపాల్ వదిలి వచ్చాక ఖాలాతో నెలకోసారైనా ఫోన్‌లో మాట్లాడతాను. ఈమధ్య ఆ న్యూయార్క్ కంచు పలకల గురించి చదువుతుంటే ఒక సంగతి తెలిసి వెంటనే ఫోన్ చేశాను. ఆ రోజు చనిపోయినవాళ్ళలో గర్భిణులున్నారు. వాళ్ళ పేరు కోసిన చోట, పేరు తర్వాత, "ఇంకా ఆమె పుట్టని బిడ్డ" అని కూడా కోసి రాశారు. ఆ మాట చెప్పాక ఖాలా చాలాసేపు ఏమీ అనలేదు. లైను కట్టయిందనుకుని హలో హలో అన్నాను.

"ఆ తల్లుల పేర్లేమిటి బేటా?" అంది.

ఫోన్ స్పీకర్లో పెట్టి, వెతికి, ఒక్కోటీ చదివాను. ఇంగ్లీషు పేర్లు, స్పానిష్ పేర్లు. నేను చదివిన ప్రతి పేరునీ ఆమె తన నోటికి వచ్చినట్టు ఒకసారి పలికింది. ఒక పేరు దగ్గర ఇద్దరం తడబడ్డాం. ఆగి, మళ్ళీ చదివాను.